కీసరగుట్ట స్థలపురాణము: ఒక విమర్శ

మన యిండ్లలో ప్రబంధముల నెరుగనివారుందురు, నవలలను చేతబట్టనివారుందురు, కాని యేదో యొక పుణ్యక్షేత్రపు మాహాత్మ్యమును విననివారుండరు. కొండయెక్కి దిగివచ్చిన పెద్దలు ప్రసాదముతోపాటు సంచిలో తెచ్చెడి చిన్నపుస్తకమే పెక్కు కుటుంబములకు మొదటి కథాగ్రంథము, మొదటి భూగోళము, మొదటి చరిత్రము. ఇంత విరివిగా వ్యాపించిన వాఙ్మయమును మన విమర్శకులు తాకరు. దానిని విమర్శింపరాదని భక్తులందురు. విమర్శింప నవసరము లేదని విద్వాంసులందురు. ఈ యిరువురి పుణ్యమున స్థలపురాణమును చెప్పువానిని ప్రశ్నించువాడు లేకపోయెను. ప్రశ్నించువాడు లేని చోట రచన సోమరియగుట సహజము. కావున మేమెరిగిన యొక క్షేత్రపు కథను గైకొని, కావ్యమును పరిశీలించినట్లే దానిని పరిశీలింప దలచితిమి. ఇందు మేము కోరునది కథను చెరచుట కాదు. దానికి రావలసిన గౌరవమును, దానినుండి మనకు రావలసిన బాకీని తేల్చుట.

మేము కాపురముండునది సికింద్రాబాదునకు చేరువనున్న మౌలాలి. మా వాకిట నిలిచి చూచిన, వెనుదిరిగి పండుకొన్న యేనుగువలె ఒక పెద్దబండ గుట్ట కనబడును. దాని నెత్తిమీద దర్గా యున్నది. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా, అనగా మన తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన ప్రభువు, కొలువులో యాకూత్ అను నొక ఖోజా యుండెననియు, 1578వ సంవత్సరమున జబ్బుపడియున్న యాతనికి కలలో హజ్రత్ అలీ యీ గుట్టపై చేయి యాన్చి కూర్చుండినట్లు కనబడెననియు, నిద్రలేచి పోయి చూడగా రాతిపై చేతిగుర్తు నిలిచియుండెననియు చెప్పుదురు. ఆ గుర్తున్న రాతిని తొలిచి కమానులో నిలిపిరట. ఏటేట రజబు నెల పదునేడవ దినమున జరుగు నుత్సవమునకు మతభేదము లేక జనులు వత్తురు. ఈ కథ మా పిల్లలకు కంఠస్థము. కనుక రాతికి కథ కలదనుట వారికి క్రొత్త కాదు. కార్తికమాసమున ఒక యాదివారము మేము కుటుంబముతో కీసరగుట్టకు ప్రయాణమైనప్పుడు, మా చిన్నవాడు మొదట అడిగిన మాట, ‘‘ఆ గుట్ట కథ యేమి?’’ అని.

మౌలాలి, కీసర రెండును నేడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివే. నడుమ సుమారు ఇరువది కిలోమీటర్ల దారి. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాటి నాగారము మీదుగా పోవుచుండగా, బాటకిరువైపుల ప్లాట్ల హద్దురాళ్ళును, సగము లేచిన మేడలును, నడుమ నడుమ ఇంకను మిగిలియున్న బండరాతి గుట్టలును కనబడును. నగరమును చుట్టివచ్చు వలయ రహదారి సమీపించిన పిమ్మట కీసర గ్రామము వచ్చును. గ్రామము దాటగానే గుట్ట. పైన రామలింగేశ్వరస్వామి కోవెల. మహాశివరాత్రికి ఇచ్చట గొప్ప జాతర జరుగును. నాటి జనసమ్మర్దములో గుట్టను చూచుట సాధ్యము కాదు, దేవుని చూచుటయే కష్టము. మేము పోయిన దినమున జనము పలుచగా నుండుటచే గుట్టను చూచు భాగ్యము కలిగినది. ఆలయము వెలుపల, ఆరుబయట, బండలమీదను నేలమీదను శివలింగములు చెల్లాచెదరుగా నున్నవి. ఎండకు ఎండి, వానకు తడిసి, భక్తులు పూసిన పసుపుతోను పోసిన నూనెతోను నల్లబడి నిగనిగలాడుచు, ఎవరో చేతినుండి జారవిడిచిన గింజలవలె నవి కనబడును. కథ యేమియు వినకపోయినను, వీనిని చూచినవాడు ‘ఇవి యిట్లు ఎందుకు పడియున్నవి?’ అని యడుగక మానడు. స్థలపురాణము పుట్టినది ఆ ప్రశ్ననుండియే.

కథ యిది. రావణుని వధించిన రాముడు బ్రహ్మహత్యాదోష నివారణమునకై యీ గుట్టపై శివలింగమును ప్రతిష్ఠింప సంకల్పించి, కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని బంపెను. హనుమంతుడు నూటయొక్క లింగములను మోసికొని వచ్చులోపల ముహూర్తము దాటిపోవునట్లుండెను. అంత శివుడే ప్రత్యక్షమై లింగము నొసగగా రాముడు దానిని ప్రతిష్ఠించెను. ఆలస్యముగా వచ్చిన హనుమంతుడు తన శ్రమ వ్యర్థమైనదని చిన్నబుచ్చుకొని తెచ్చిన లింగముల నన్నింటిని గుట్టపై విసరివేసెను. రాముడు బంటు నోదార్చి, కేసరి కుమారుడైన నీ పేర ఈ గిరి కేసరిగిరియని పిలువబడునని వరమిచ్చెను. అదియే కాలక్రమమున కీసర యయ్యెను.

కథనముగా చూచినచో దీని కల్పన మెచ్చదగినది. దేవుని పేరు, గుట్టపేరు, చెదరిన లింగములు అను మూడు చిక్కులను ఒక్క దారమున విప్పినది. అనవసరమైన పాత్ర లేదు. అనవసరమైన సంఘటన లేదు. మాహాత్మ్యములలో సామాన్యముగా కానవచ్చు ఫలశ్రుతుల బెదిరింపు లేదు. అన్నింటికంటె మేలైనది హనుమంతుని యలుక. సముద్రమును దాటినవాడు ముహూర్తమును దాటింపలేకపోయినాడు. పనిచేసి వచ్చి, ‘నీ పని యక్కరలేకపోయినది’ అను మాట వినుటకంటె సేవకునికి దుఃఖమేమున్నది? ఈ దుఃఖమును కనిపెట్టిన కథకుడెవరో గాని, మానవహృదయమెరిగినవాడు. ఇంటిలో ప్రొద్దుననుండి పొయ్యికడ నిలిచి వండిన పిమ్మట, అతిథి బయట తినివచ్చినాడని తెలిసిన యిల్లాలికి ఈ ఘట్టము వ్యాఖ్యానము లేకయే తెలియును.

అయినను విమర్శకుడు మరియొక ప్రశ్న వేయవలెను. ఈ కథ యిచ్చటిదేనా? రామేశ్వరపు మాహాత్మ్యమును విన్నవారికి సందేహము తోచకపోదు. అచ్చటను హనుమంతుడు లింగముకొరకు కైలాసమునకు పోవును, అచ్చటను ఆలస్యమగును, అచ్చటను కోపించును. హనుమంతుని యాలస్యమును గూర్చిన యీ కథ వాల్మీకి రామాయణమున లేదు. ఒక ప్రసిద్ధక్షేత్రపు కథ మరియొక గుట్టపై వాలి గూడుకట్టుకొనుట మన దేశమున నూతనము కాదు. దీనిని మోసమనుట అవివేకము. కథలును యాత్రికులవంటివే, నడచిన దారిపొడవున తమ జాడలను విడుచుచు పోవును. రామేశ్వరమునకు పోలేని బీదవానికి రామేశ్వరమే నడచివచ్చినదని కూడ దీనికర్థము చెప్పవచ్చును. కాని విమర్శకునికి పోలికకంటె భేదము ముఖ్యము. రామేశ్వరమున ముహూర్తము మించకుండ ఇసుకతో లింగమును చేసినది సీత. కీసరకు వచ్చుసరికి ఆ తల్లి చేతిపని తొలగిపోయినది, శివుడే లింగమునిచ్చినాడు. మహిమ పెరిగినది, మనుష్యుని చేయి తరిగినది. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మా విమర్శకు మూలమిదియే.

ఇక పేరు మాట. కేసరియే కీసరయైనదని కథ చెప్పినంత సులభముగా శబ్దశాస్త్రజ్ఞుడు చెప్పడు; పాతశాసనములలో ఆ పేరెట్లున్నదో చూపుమనును. ఇట్లే చరిత్రాభిమానులు పడు తొందరయు కలదు. కేసరి యనగా సింహము. ఈ సీమ నేలిన విష్ణుకుండి రాజుల నాణెములపై సింహమున్నది. కావున ఊరిపేరు వారి లాంఛనమునుండి వచ్చినదని చటుక్కున ముడివేయబుద్ధి పుట్టును. ముడి యందముగానే యుండును. కాని ప్రమాణము లేని యూహ పురాణమున నున్నప్పుడు మూఢత్వము, చరిత్రమున నున్నప్పుడు పరిశోధన కానేరదు. రెంటికిని ఒకే తూనిక యుండవలెను.

ఊహ యక్కరలేని సాక్ష్యమును రాళ్ళే చెప్పుచున్నవి. కీసరగుట్ట ప్రాంతమున పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో విష్ణుకుండుల కాలపు కోటగోడయు, ఇటుకలతో కట్టిన యాలయముల పునాదులును, నాణెములును బయల్పడినవి. అనగా ఇది యొకనాడు నిర్జనారణ్యమున వెలసిన ఏకాంతక్షేత్రము కాదు. కోటయు, కోవెలలును, పనివారును, నాణెము చేతులు మారు వ్యవహారమును గల స్థావరము. ఇచ్చటనే యొక బండపై నొక చిన్నలేఖనము దొరకినది. దానిలో దానమును లేదు, రాజవంశవర్ణనయు లేదు. ఒకే యొక మాట: తొలచువాండ్రు. దీనిని విష్ణుకుండుల నాటిదని, క్రీ.శ. 4, 5 శతాబ్దుల కాలమునకు చేరినదని శాసనజ్ఞులెన్నుదురు. తెలుగున వాక్యములతో వెలసిన తొలిశాసనములలో నొకటిగా నెన్నబడు కడపసీమ కలమళ్ళ శాసనము 575 ప్రాంతముది. ఈ మాట దానికంటె పాతది.

ఈ మాటను చదువుటకు మనకు నిఘంటువక్కరలేదు. రాతిని తొలచువారు తొలచువాండ్రు. పదునైదువందల యేండ్లనాటి క్రియాపదము నేటికిని మన వాకిట నున్నది. రోటికి గంటుపెట్టించునప్పుడు, స్తంభమునకు తూటు వేయించునప్పుడు మనము వాడునది దానినే. ఆ బహువచనమును గమనింపుడు. ఒక పెద్ద తన పేరు చెక్కుకొనలేదు. ‘మేము తొలచువారము’ అని యందరును కలిసి చెప్పుకొన్నారు. మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసెనని ఆ వంశపు శాసనములు ఘోషించుచున్నవి. రాజు తన యజ్ఞములను లెక్కపెట్టించి వ్రాయించుకొనెను. రాయి తొలచినవారు తమ పనినే తమ పేరుగా వ్రాసికొనిరి. తెలుగు మాట రాతికెక్కిన తొలినాళ్ళలోనే కూలిచేతుల వారి పేరుగా ఎక్కినదనుట మన భాషకు గర్వకారణము కాదా?

అయినను గుట్టమీద మేము విన్న కథలో వీరికి చోటు లేదు. లింగములు కాశినుండి వచ్చినవి, శివుని చేతినుండి వచ్చినవి. ఉలినుండి వచ్చినవని యెవరును చెప్పలేదు. మా చిన్నవాడు ఒక లింగముకడ కూర్చుండి దాని నునుపును వ్రేలితో రాచి, ‘‘నాయనమ్మా, దీనిని చెక్కినదెవరు?’’ అని యడిగెను. మా తల్లిగారు, ‘‘హనుమంతుడు తెచ్చినాడు’’ అనిరి. ‘‘తెచ్చినది ఆయన; చెక్కినదెవరు?’’ అని వాడు విడువలేదు. మేము కలుగజేసికొని శాసనపు సంగతి చెప్పితిమి. చెప్పుటలో కొంత పాండిత్యగర్వమును దొరలినదని యిప్పుడొప్పుకొనుచున్నాము. కథలను నమ్ముటవలన నష్టమని యొక చిన్న యుపన్యాసమే యిచ్చితిమి. మా తల్లిగారు నొచ్చుకొని కొంతసేపు మాటాడలేదు. పిదప నిట్లనిరి: ‘‘కథను కొట్టివేయవలసిన పనియేమి, బిడ్డా? హనుమంతుడును రాళ్ళు మోసినవాడే గదా. మోసినవానికి చిన్నతనము కలిగినదని, దేవుడు తన పేరు పెట్టుకొనక కొండకు వాని పేరు పెట్టినాడు. నీవు చెప్పువారికిని అట్లే పేరు చెప్పుము. కథకు వచ్చిన లోపమేమి?’’

ఈ మాట విన్నపిమ్మట మా విమర్శ మార్గము మారినది. మేము కథకు వెలుపల నిలిచి వాదించుచుంటిమి. ఆమె కథకు లోపల నిలిచి తీర్పు చెప్పినారు. నిజమే. ఈ పురాణపు సారము మహిమ కాదు, పనివానికి దక్కిన మన్నన. ప్రతిష్ఠ చేసిన ప్రభువు పేర లింగము వెలసినది. రాళ్ళు మోసిన బంటు పేర కొండ వెలసినది. కథ నిర్ణయించిన న్యాయమిది. అట్టి కథను నోట పలుకుచు, రాయి తొలచినవారిని మరచుట కథకే ద్రోహము. కీసర స్థలపురాణమున దోషము అసత్యము చెప్పుట కాదు. తాను చెప్పిన సత్యమును తానే కడదాక నడపకపోవుట. మేము దానిపై మోపు నేరమింతే.

కథను చెప్పువారికే కాదు, చరిత్రను వ్రాయువారికిని ఈ నేరములో భాగము కలదు. తొలచువాండ్రు అను మాట దొరకినప్పటినుండి మనము దానిని భాషాప్రాచీనతకు సాక్షిగా నిలుపుచున్నాము. 2008వ సంవత్సరమున తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినప్పుడు మనమెంత సంతోషించితిమో యెల్లరెరుగుదురు. సంతోషింపదగినదే. కాని ఆ మాట యెంత పాతదని వాదించువారిలో, ఆ మాట యెవరిదని యడుగువారెందరు? మన తెలుగుసీమలలో రాతిపని నమ్ముకొని బ్రతుకు వడ్డెరవారు నేటికిని గలరు. మన యింటి గడపయు, మెట్టును, గుడి మండపమును వారి చేతిమీదుగా వచ్చినవే. రాతిధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడి అకాలమరణము పాలగుట ఆ వృత్తివారికి పట్టుచున్న శాపము. ముక్కుకు తగిన రక్షణ, బండపై నీరు, వేళకు వైద్యము ఉన్నచో చాలవరకు తప్పించుకొనదగిన శాపము. పూర్వులు వ్రాసిన ఐదక్షరములను శిరసున దాల్చి, ఆ పని నేడు చేయువారి దగ్గును విననిచో, మన ప్రాచీనతాభిమానము ఆరుబయటి లింగముపై పోసిన నూనెవంటిది. పైన మెరయును, లోనికి దిగదు.

యాత్రను గూర్చి వ్రాయుటకు మనకు మంచి మాదిరి లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. వారు మిత్రునకు వ్రాసి పంపిన యా యాత్రావిశేషములే, వారు గతించిన రెండేండ్లకు, 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడినవి. ఆయన నాస్తికుడు కాడు. స్నానము, శ్రాద్ధము, దర్శనము ఏదియు విడువలేదు. అయినను ఊరూర నీళ్ళెట్టివి, అంగళ్ళలో నేమి దొరకును, బాట యెట్లున్నది, యాత్రికుని యొద్ద పన్నెవరు గుంజుకొనుచున్నారు అను సంగతులను విడువక వ్రాసెను. చేతులు జోడించినవాడు కన్నులు మూసికొనవలెనను నియమము లేదని ఆ గ్రంథము నిరూపించుచున్నది. మన మాహాత్మ్యములలో ఆ చేతులున్నవి. ఆ కన్నులు లేవు.

కావున ఇకముందు మన క్షేత్రములను గూర్చి పుస్తకములు వ్రాయువారికి మూడు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది: పెద్దలవలన విన్నది, కంటితో చూచినది, శాసనముచే రుజువైనది అను మూడింటిని మూడు ప్రకరణములుగా వ్రాయుడు, ఒకదానిని మరియొకదాని వేషమున నడిపింపకుడు. కథను కథగా చెప్పినచో దాని యందమింతయు తగ్గదు. రెండవది: కట్టించినవాని పేరుతోపాటు కట్టినవారిని, దీపము వెలిగించినవారిని, మెట్లు ఊడ్చువారిని చెప్పుడు, పేర్లు దొరకనిచోట పనిని చెప్పుడు, కీసర బండ మనకు నేర్పిన పద్ధతి యదియే. మూడవది: యాత్రికుని పుణ్యమునే కాక విధిని గూడ చెప్పుడు. పాతరాళ్ళపై రంగులతో తమ పేర్లు వ్రాయు దురభ్యాసము మన క్షేత్రములలో ప్రబలినది. నూరేండ్లలో పోగొట్టరాని యక్షరము రంగుడబ్బాతో ఒక్క గడియలో పోవును. బండపై వ్రాయుటకు అర్హత గలవారు దానిని తొలచినవారే. మనము చదువుకొని వచ్చినచో చాలును.

గృహిణులకును ఒక విన్నపము. పిల్లలకు పురాణము చెప్పకుడని మేమనము. మా తల్లిగారు మాకు నేర్పినది అందుకు విరుద్ధము. చెప్పుడు, చెప్పి, వారి ప్రశ్నను ఆపకుడు. ‘చెక్కినదెవరు?’ అని యడిగిన బిడ్డ నోటిని మూయించిన యింట భక్తియు పెరుగదు, బుద్ధియు పెరుగదు.

సాయంకాలమున మౌలాలి చేరుసరికి మా గుట్టపై దీపములు వెలిగినవి. చిన్నవాడు నిద్రమత్తులోనే దానివంక చూచి, ‘‘నాయనమ్మా, ఆ చేతిగుర్తున్న రాతిని తొలిచి కమానులో పెట్టినవారెవరు?’’ అని యడిగెను. ఆమె నవ్వి, ‘‘తొలచువాండ్రు’’ అనిరి. వాడు తృప్తిపడి నిద్రపోయినాడు.